వస్తానియా పాస్

మా దాదాని ఎంతవరకు చదివారని అడిగితే "వస్తానియా పాస్" అనేవారు, కాస్త ఫఖ్ర్‌గానే. నిజాం హుకూమత్‌లో తహ్తానియా అంటే ప్రాథమిక బడి, ఫౌఖానియా అంటే హైస్కూలు. ఆ రెండింటి నడుమది వస్తానియా.

తహ్తానియాలో తెలుగు పిల్లలకు తెలుగులో పాఠాలుండేవి. వస్తానియా గడప దాటితే తాలీమ్ జబాన్ ఉర్దూ. ఎందరో ఆ గడప దగ్గరే ఆగిపోయారు. మనవాళ్లకు మాత్రం సులువా? ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల బిడ్డకూ అది పరాయి జబానే. ఈ మాట మనమే ఒప్పుకోవాలి.

ఇక షహర్ సంగతి వేరు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ పెట్టించిన దారుల్ ఉలూమ్‌లో అరబీ, ఫార్సీలకు పెద్దపీట. తర్వాత వచ్చిన మదర్సా-ఎ-ఆలియా అమీరుల బిడ్డలది, అక్కడ అంగ్రేజీ. 1887లో నిజాం కాలేజీ ఆ ఆలియా మీదే నిలిచి, మద్రాసు యూనివర్సిటీతో జతకట్టింది. ఆడపిల్లలకూ అదే తేడా: నాంపల్లి బడిలో ఉర్దూ, 1907 నాటి మహబూబియాలో అంగ్రేజీ.

ఉర్దూలోనే ఆలా తాలీమ్ అని 1917లో ఉస్మానియా ఫర్మానా వచ్చింది. దారుల్ తర్జుమాలో సైన్సు కితాబులు ఉర్దూలోకి దిగాయి. గొప్ప పనే. అయినా పెద్ద దేవిడీల పిల్లలు అంగ్రేజీ బడి వదల్లేదు.

1948 తర్వాత దాదా మా అబ్బాని తెలుగు మీడియంలో వేశారు. ఉర్దూ మాత్రం మగ్రిబ్ అయ్యాక, లాంతరు ముందు, తనే నేర్పారు.