ఇటుకల చాటున ఉక్కు

న్యూయార్కు నగరమున ఐదవ అవెన్యూ అను రాజవీథి అంచున, ఎఱ్ఱని ఇటుకలతోను లేతవన్నె రాతితోను కట్టిన ఒక సౌధమున్నది. ఉక్కు పరిశ్రమలో కుబేరుడైన ఆండ్రూ కార్నెగీ దీనిని కట్టించినాడు. కట్టించినవాని పేరు చెప్పి ఊరకుండుట చరిత్ర కాదు. ఆ కట్టడమును మోసిన చేతులనుగూడ మనము తలచుకొనవలెను.

కార్నెగీ 1835లో స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లైన్ పట్టణమున ఒక నేతగాని ఇంట పుట్టినాడు. ఆవిరిమగ్గములు వచ్చి చేతిమగ్గము మూలబడగా, ఆ కుటుంబము 1848లో అమెరికాకు వలసపోయినది. అక్కడ ఆ బాలుడు నూలుమిల్లులో కండెలందించు పనికి కుదిరినాడు; కూలి వారమునకు 1 డాలరు 20 సెంట్లు. మగ్గమాగిన ఇంటి గతి ఎట్టిదో మన చేనేత పల్లెలకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆయన 1898లో స్థలము కొని, ఆడంబరము లేని విశాలమైన ఇల్లు కావలెనని కోరినాడు. బాబ్, కుక్, విల్లర్డ్ అను వాస్తుశిల్పుల సంస్థ 1902 నాటికి దానిని పూర్తిచేసినది. ఆడంబరము లేని ఆ ఇంటికి గదులు 64! చూపునకు అది జార్జి రాజుల కాలపు ఆంగ్లేయ గృహమువలె నుండును. కాని ఇటుకల చాటున నిలిచినది ఉక్కు చట్రము. అమెరికాలో అట్టి చట్రముతో లేచిన తొలి నివాసగృహము ఇదియే యందురు. ఇంటిలో లిఫ్టు ఉన్నది. పెద్ద హాలులో ఆర్గన్ వాద్యము మ్రోగుచుండెడిది. దానికి దిగువన, నేలమాళిగలో, చిన్న పట్టాలమీద బొగ్గుబండి కొలిమికి నడచెడిది. గడ్డు చలిదినమున ఇల్లు వెచ్చనుంచుటకు 2 టన్నుల బొగ్గు పట్టెడిది.

మేడమీద కుటుంబ గ్రంథాలయపు గదిలో మన దేశపు చేతిపనియు కలదు. లాక్‌వుడ్ డి ఫారెస్టు అను అమెరికను కళాకారుడు 1881లో మగన్‌భాయి హఠీసింగ్‌తో కలిసి అహమదాబాదులో కొయ్యచెక్కడపు కర్మశాలను నెలకొల్పినాడు. ఆ గది టేకు పలకలపై లతలు తీర్చినది అక్కడి శిల్పులే. వారి పేర్లు గోడమీద లేవు.

ఈ వైభవమునకు మూలధనము ఉక్కు కర్మాగారములు. 1892లో హోమ్‌స్టెడ్ కర్మాగారమున కూలి తగ్గింపును కార్మికులు ఎదిరించగా, జూలై 6న కాల్పులు జరిగి ఇరువైపుల వారును మరణించిరి. అప్పుడు కార్నెగీ స్కాట్లండులో నుండెను. వ్యవహారము నడపినవాడు హెన్రీ ఫ్రిక్. అయినను సంఘమునణచుటకు కార్నెగీ మద్దతు లేకపోలేదు.

1901లో ఆయన తన సంస్థను 48 కోట్ల డాలర్లకు విక్రయించి, పిమ్మట ఈ ఇంటినుండియే దానములు సాగించినాడు. ప్రపంచమున 2,500కు పైగా గ్రంథాలయములు ఆయన ధనముతో వెలసినవి. ఆ మేలు చిన్నది కాదు. కాని దినమునకు 12 గంటలు కొలిమియెదుట నిలిచినవానికి పుస్తకము తెరచు తీరిక ఎక్కడిది? ఈ ప్రశ్నను దానము తీర్చలేదు.

కార్నెగీ 1919లో మరణించినాడు. ఆయన భార్య లూయిసీ 1946లో తాను మరణించువరకు ఇచ్చటనే నివసించినది. అటుపిమ్మట సమాజసేవా విద్యాలయమునకు నెలవై, 1976 నుండి ఈ సౌధము కూపర్ హ్యూయిట్ ప్రదర్శనశాలగా నున్నది. నిత్యజీవితపు వస్తువుల రూపకల్పనను అచ్చట చూపుదురు. ఒకరి ఇల్లు ఇట్లు పలువురిదైనది. దాత ఔదార్యమును మెచ్చుకొందము. మరుగున నిలిచిన ఉక్కును, దానిని పోతపోసినవారిని మరువకుందము.