లక్ష కార్డులు రాసినవాళ్లు

మధ్య ఐరోపా యూదుల ఇళ్లలో ఒక పాత ఆనవాయితీ ఉండేది. మగపిల్లాడికి ఎనిమిదో రోజున సున్నతి చేసేటప్పుడు చుట్టిన పొత్తిళ్ల బట్టను పారేసేవారు కాదు. దాన్ని పేలికలుగా కత్తిరించి, ఒకదానికొకటి కలిపి పొడవాటి పట్టీగా కుట్టేవారు. దాని మీద రంగుదారాలతో బిడ్డ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదువుకుని పెళ్లిపందిరి దాకా చేరాలన్న దీవెన. పిల్లాడు కాస్త ఎదిగాక ఆ పట్టీ వాళ్ల ప్రార్థనామందిరమైన సినగాగ్‌కు చేరేది. వాళ్ల ధర్మగ్రంథం తోరా రాసిన తోలుచుట్ట విడిపోకుండా చుట్టూ కట్టేది దాన్నే.

ప్రాగ్ నగరంలోని యూదు మ్యూజియంలో ఇలాంటి పట్టీలున్నాయి. తోరాకు తొడిగే వెండి కిరీటాలు, మందిరపు తెరలు, హనుక్కా పండుగ దీపాలు, చదివేటప్పుడు తోలుకు వేలు తగలకుండా అక్షరాలు చూపించే బుల్లి వెండి చేతులు కూడా ఉన్నాయి. చాలావాటి మీద ఇచ్చినవాళ్ల పేరు, ఇచ్చిన సంవత్సరం చెక్కో కుట్టో ఉంటాయి. గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించే మనకు ఇదేమీ వింతగా తోచదు. ఆ పేర్లు గలవాళ్లు ఏమయ్యారన్నదే ఈ మ్యూజియం కథ.

మ్యూజియం పుట్టడానికి కారణం నగరాభివృద్ధి. ప్రాగ్‌లోని పాత యూదు వాడను పడగొట్టి కొత్త వీధులు వేయడానికి 1893లో చట్టం వచ్చింది. ఇరుకు సందులతోపాటు కొన్ని సినగాగులూ పోయాయి. వాటిలోని వస్తువులు చెల్లాచెదురు కాకుండా చూడాలని సలొమోన్ హ్యూగో లీబెన్ అనే చరిత్రకారుడు, ఆగస్ట్ స్టెయిన్‌తో కలిసి 1906లో మ్యూజియం పెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం నాటికి అక్కడున్నవి సుమారు వెయ్యి వస్తువులు. అప్పటికి అది చిన్న సంస్థ.

1939 మార్చి 15న జర్మన్ సేన ప్రాగ్‌లోకి వచ్చింది. 1941 శీతాకాలం నుంచి యూదులను రైళ్లలో తెరెజీన్ శిబిరానికి, అక్కడి నుంచి తూర్పున మరణ శిబిరాలకు తరలించారు. బొహీమియా, మొరేవియా ఊళ్లలో సినగాగులు తాళాలతో మిగిలాయి. వాటిలోని వస్తువులన్నీ ప్రాగ్‌కు తెప్పించి ఒకచోట భద్రపరచాలని 1942లో యూదు సంఘం ఉద్యోగులే ప్రతిపాదించారు. నాజీ అధికారులు ఒప్పుకున్నారు. 153 ఊళ్ల యూదు సంఘాల నుంచి పెట్టెలు దిగాయి. వస్తువులు పంపిన ఊళ్ల జనం చాలామంది అప్పటికే రైలెక్కారు, లేదంటే ఎక్కబోతున్నారు.

పెట్టెలు విప్పి, ప్రతి వస్తువుకూ నంబరు వేసి, ఏ ఊరిదో, దాని మీద ఏం రాసి ఉందో కార్డు రాయడం మ్యూజియం సిబ్బంది పని. యోసెఫ్ పోలాక్, తోబియాస్ యాకోబోవిట్స్, ఆల్ఫ్రెడ్ ఎంగెల్, రంగస్థల అలంకరణలో పేరున్న వాస్తుశిల్పి ఫ్రాంతిషెక్ జెలెంకా, కళాచరిత్రకారిణి హానా వోలావ్కోవా వాళ్లలో ముఖ్యులు. అందరూ యూదులే. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రైలు ఎక్కించరన్నది ఒక్కటే ఆశ. అలా లక్షకు పైగా కార్డులు రాశారు. పండుగల గురించి, పుట్టుక నుంచి చావు దాకా జరిగే కర్మల గురించి ప్రదర్శనలు కూడా అమర్చారు. వాటిని చూడటానికి వచ్చింది నాజీ అధికారులు మాత్రమే.

అంతరించిన జాతికి మ్యూజియం కట్టాలని హిట్లరే పథకం వేశాడని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ పేరుతో నాజీల పత్రం ఏదీ చరిత్రకారులకు దొరకలేదు. ఈ సేకరణ ఘనత హంతకుల ఖాతాలో వేయడం నాకైతే మింగుడుపడదు. ఆలోచనా, శ్రమా బాధితులవే.

లీబెన్ 1942లోనే చనిపోయాడు. పోలాక్, యాకోబోవిట్స్, ఎంగెల్, జెలెంకా శిబిరాల నుంచి తిరిగి రాలేదు. బతికి బయటపడిన వోలావ్కోవా యుద్ధం తర్వాత మ్యూజియానికి డైరెక్టరయింది. పక్కనే ఉన్న పింకాస్ సినగాగ్ గోడల మీద నాజీల చేతిలో చనిపోయిన చెక్ దేశపు యూదులు 77,297 మంది పేర్లు రాయించడంలో ముందు నిలిచింది ఆమే.

1950లో మ్యూజియం కమ్యూనిస్టు ప్రభుత్వపరమైంది. యుద్ధకాలంలో ఊళ్ల నుంచి చేరిన 1,564 తోరా చుట్టలు ప్రాగ్‌లోని మిఖ్లె పేట సినగాగులో చెమ్మ పట్టి పడి ఉండేవి. ప్రభుత్వానికి విదేశీ డబ్బు కావాలి, వాటిని అమ్మకానికి పెట్టింది. రాల్ఫ్ యాబ్లన్ అనే దాత కొన్నాడు. 1964 ఫిబ్రవరిలో అవి లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ సినగాగ్‌కు చేరాయి. బాగుచేసే తోరాలేమైనా ఉన్నాయా అంటూ డేవిడ్ బ్రాండ్ అనే లేఖకుడు ఒకరోజు ఆ తలుపు తట్టాడు. పాతికేళ్లకు పైగా అక్కడే కూర్చుని చెరిగిన అక్షరాలు తిరిగి దిద్దాడు. చాలా చుట్టలు ఇప్పుడు దేశదేశాల సినగాగుల్లో ఉన్నాయి. అప్పుగానే ఇస్తారు, అమ్మరు. ప్రాగ్ మ్యూజియం 1994లో మళ్లీ యూదు సంఘాల చేతికి వచ్చింది.

హైదరాబాద్ శివారు నాదర్‌గుల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా మూసీ ఒడ్డుకు వెళితే మనకూ సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అక్కడ ప్రధానంగా కనిపించేది ఒక నవాబు కుటుంబం ముచ్చటపడి కొన్న సొత్తు. ప్రాగ్‌ది కొన్న సొత్తు కాదు. ఆ కథ ఎక్కడో దూరానిదనిపించినా, యూదులు మనకు బొత్తిగా పరాయివాళ్లేమీ కారు. మతాలను గురించి పారశీకంలో రాసిన ‘దబిస్తాన్’ గ్రంథకర్త 1647లో యూదుమతం గురించి తెలుసుకున్నది ఈ హైదరాబాద్‌లోనే. చెప్పినవాడు ఆ మతంలో పుట్టిన సూఫీ కవి సర్మద్. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదులు చిన్న సినగాగ్ కట్టుకుని శనివారం సబ్బాతు పాటిస్తున్నారు.

నాదర్‌గుల్ చుట్టూ ప్లాట్లు వెలుస్తున్నాయి, రోడ్లు వెడల్పవుతున్నాయి. ఇలాంటి చోట పాత గుడినో, దర్గానో, చర్చినో తిరగ్గట్టే కమిటీలవాళ్లకు ఒక విన్నపం. పాత గంట, దీపపు సెమ్మె, పల్లకీ బొంగు తీసి పక్కన పెట్టేముందు ఫొటో తీయండి. దాని మీద ఎవరి పేరుందో, ఏ ఇంటివాళ్లు ఏ సంవత్సరంలో ఇచ్చారో పెద్దవాళ్లనడిగి ఒక నోటుపుస్తకంలో రాయించండి.