విడదీసే పొగ, అగ్ని డిటెక్టర్లు: విద్యుత్ అనుసంధాన విధానం

ప్రత్యేక వ్యాసం

ఆసుపత్రులు, హోటళ్లు, కార్యాలయ భవనాలలో అమర్చే పొగ, అగ్ని డిటెక్టర్లలో సాధారణంగా రెండు భాగాలు ఉంటాయి. తీగలు బిగించిన బేస్ పైకప్పుకు స్థిరంగా ఉంటుంది. పొగను లేదా వేడిని పసిగట్టే హెడ్‌ను దానిలో ఉంచి తిప్పి బిగిస్తారు. తీగలను కదిలించకుండానే హెడ్‌ను శుభ్రపరచవచ్చు, మార్చవచ్చు. అయితే తీసిన హెడ్‌ను తిరిగి అమర్చని పక్షంలో ఆ గదికి రక్షణ కరువవుతుంది. అందువల్ల హెడ్ లేని సంగతి కంట్రోల్ ప్యానెల్‌కు వెంటనే తెలిసే విధంగా విద్యుత్ అనుసంధానం ఉండాలి.

లైనుపై నిఘా

సంప్రదాయ వ్యవస్థలో ఒక జోన్‌లోని డిటెక్టర్లన్నీ రెండు తీగల లైనుపై వరుసగా ఉంటాయి. సాధారణంగా 24 వోల్టుల డి.సి. విద్యుత్తు వాడతారు. లైను చివరనున్న రెసిస్టర్ గుండా స్వల్ప విద్యుత్తు నిరంతరం ప్రవహిస్తుంది. ఈ ప్రవాహం నిర్ణీత స్థాయికి పెరిగితే ప్యానెల్ దానిని అగ్ని సంకేతంగానూ, ఆగిపోతే లోపంగానూ గుర్తిస్తుంది. రెండు తీగలలో ఒకటి బేస్‌లోని ఒక టెర్మినల్‌కు చేరి, మరొక టెర్మినల్ నుంచి ముందుకు సాగుతుంది. ఈ రెండింటినీ కలిపేది హెడ్ మాత్రమే. హెడ్ తీయగానే లైను తెగి, ప్యానెల్‌పై లోపాన్ని సూచించే దీపం వెలుగుతుంది.

ఈ పద్ధతిలో ఒక పరిమితి ఉంది. ఒక హెడ్ తీస్తే దాని తరువాతి డిటెక్టర్లు, చేతితో నొక్కే అలారం పెట్టెలు కూడా పనిచేయవు. దీనిని నివారించడానికి కొన్ని బేస్‌లలో డయోడ్ అమరుస్తారు. హెడ్ తొలగినప్పుడు డయోడ్ ద్వారా మిగతా పరికరాలకు విద్యుత్తు అందుతుంది. దీనికి తగిన ప్యానెల్, లైను చివరి పరికరం తప్పనిసరి. అడ్రసబుల్ వ్యవస్థలో ప్యానెల్ ప్రతి డిటెక్టర్‌ను దాని చిరునామాతో పలకరిస్తుంది. సమాధానం రాకపోతే ఏ స్థానంలో లోపమున్నదో చూపుతుంది.

అమరికలో జాగ్రత్తలు

సంప్రదాయ లైనులో తీగను తెంపకుండా మెలితిప్పి స్క్రూ కింద బిగించరాదు. స్క్రూ వదులై డిటెక్టర్‌కు విద్యుత్తు అందకపోయినా లైను చెక్కుచెదరదు కనుక ప్యానెల్ లోపాన్ని గుర్తించలేదు. తీగను కత్తిరించి, వచ్చే కొసను, పోయే కొసను విడివిడిగా బిగించాలి. లైను మధ్య నుంచి పక్కకు శాఖలు తీయరాదు. శాఖలోని తీగ తెగినా ప్రధాన లైనులో ప్రవాహం యథాతథంగా సాగుతుంది.

అగ్ని సూచక వ్యవస్థల ఎంపిక, అమరిక, నిర్వహణలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 2189 నియమావళిని రూపొందించింది. జాతీయ భవన నిర్మాణ స్మృతి-2016 నాలుగవ భాగం అగ్ని భద్రతకు సంబంధించినది.

తనిఖీ

ప్యానెల్‌పై పచ్చదీపం విద్యుత్ సరఫరా ఉన్నదని మాత్రమే తెలుపుతుంది. భవన సిబ్బందికి ముందుగా తెలిపి, ఒక హెడ్‌ను తీసి చూడాలి. లోప సంకేతం రాకపోతే ఆ లైనును పరీక్షించవలసి ఉంటుంది. అనంతరం హెడ్‌ను తిరిగి బిగించి, ప్యానెల్ సాధారణ స్థితికి వచ్చినదని నిర్ధారించుకోవాలి.