నంబర్ మార్చలేదు, సైట్ మాయమైంది: డీఎన్ఎస్ జోన్ ట్రాన్స్‌ఫర్ కథ

మన నారాయణఖేడ్ 1956 నవంబర్ 1 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. తర్వాత మెదక్‌లో కలిసింది. 2016 అక్టోబర్ 11 నుంచి సంగారెడ్డి జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, రికార్డు మారింది. ఏదో ఒక ఆఫీసులో పాత కాపీ ఉండిపోయిందనుకోండి, మీ సర్టిఫికెట్ మీద ఇంకా మెదక్ అనే పడుతది. ఇంటర్నెట్‌కు కూడా ఇదే తిప్పలు.

మొదట్లో నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. అమెరికాలో ఎస్‌ఆర్‌ఐ అనే సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ టీమ్ దాన్ని చూసుకునేది. అందరూ అక్కడి నుంచే కాపీ చేసుకోవాలి. కంప్యూటర్లు పెరిగేసరికి అది కుదరలేదు. 1983లో పాల్ మోకాపెట్రిస్ డీఎన్ఎస్ తెచ్చాడు. 1987 నవంబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035లే ఇప్పటికీ దానికి పునాది.

పద్ధతి సింపుల్. ప్రైమరీ సర్వర్‌లో అసలు రికార్డు, సెకండరీలో కాపీ. జోన్‌కు ఒక సీరియల్ నంబర్ ఉంటది. సెకండరీ అప్పుడప్పుడు "నీ నంబర్ ఎంత?" అని అడుగుతది. పెరిగితేనే కాపీ తీసుకుంటది. 1996లో రెండు సౌకర్యాలు వచ్చినయ్: మార్పు జరగ్గానే ప్రైమరీయే కబురు పంపే నోటిఫై, మారిన ముక్కనే పంపే ఐఎక్స్‌ఎఫ్‌ఆర్.

మరి ఎక్కడ ఆగుతది? ఒకటి, రికార్డు మార్చి నంబర్ పెంచడం మరవడం. చాలామంది తేదీనే నంబర్‌గా రాస్తారు, 2016101101 లాగా. పొరపాటున 2016 బదులు 2061 కొడితే, తర్వాత సరైన తేదీ వేసినా సెకండరీ "ఇది పాతది" అని పట్టించుకోదు. రెండు, ఫైర్‌వాల్. నంబర్ అడగడం మామూలుగా యూడీపీలో, పూర్తి కాపీ టీసీపీలో. టీసీపీ 53 మూసేస్తే నంబర్ తెలుస్తది, కాపీ రాదు. మూడు, 2000లో వచ్చిన టీసిగ్ తాళం. రెండు సర్వర్ల గడియారాలకు సాధారణంగా 5 నిమిషాలకు మించి తేడా ఉంటే తాళం తెరుచుకోదు.

అసలు ప్రమాదం ఏంటంటే, కాపీ ఆగినా సెకండరీ వెంటనే మూగబోదు. పాత జవాబే చెప్తుంటది. అందుకే ఒక సైట్ నీ ఫోన్‌లో ఓపెన్ అవుతది, నీ దోస్త్ ఫోన్‌లో కాదు. ఎక్స్‌పైర్ గడువు 7 రోజులైతే, ఆ 7 రోజులు దాటాక అది జవాబివ్వడమే మానేస్తది. తప్పు జరిగింది పోయిన వారం, గొడవ మొదలయ్యేది ఈ వారం!

కాపీ సరిగ్గా జరిగినా గ్యారంటీ లేదు. 2009 అక్టోబర్ 12న స్వీడన్ డాట్ ఎస్‌ఈ జోన్‌లో ఒక చుక్క తప్పిపోయింది. సర్వర్లన్నీ ఆ తప్పునే బుద్ధిగా కాపీ చేసుకున్నయ్. దేశం మొత్తం సైట్లు దొరకలేదు.

చెక్ చేయాలంటే టెర్మక్స్‌లో డిగ్ కమాండ్‌తో రెండు సర్వర్లనూ ఎస్‌ఓఏ రికార్డు అడగండి. నంబర్లు వేరైతే ముందు సెకండరీ లాగ్ చూడండి, కారణం చాలాసార్లు అక్కడే రాసి ఉంటది.

డౌట్లుంటే కామెంట్‌లో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.