దేవుళ్లు వెళ్లిపోయాక కూడా ఆగని బలి

క్రీ.పూ. 428లో ఏథెన్స్‌లో యూరిపిడీస్ ‘హిప్పోలిటస్’ నాటకం ఆడింది. హిప్పోలిటస్ కామదేవత ఆఫ్రొడైటీని లెక్కచేయక, కన్యాదేవత ఆర్టెమిస్‌నే కొలిచే బ్రహ్మచారి. ఆ పగతో ఆఫ్రొడైటీ అతని సవతితల్లి ఫీడ్రాలో మోహం రగిలిస్తుంది. సారంగధరుడి కథ ఎరిగిన మనకు తక్కింది చాలావరకు ఊహకు అందుతుంది. అయితే చిత్రాంగి కోరిక చిత్రాంగిదే. ఇక్కడ కోరికే దేవత. ఫీడ్రా ఉరిపోసుకుంటుంది, నింద మాత్రం రాతలో మిగిల్చి పోతుంది. తండ్రి శాపానికి హిప్పోలిటస్ బలైపోతాడు. కొనఊపిరితో ఉన్న భక్తుణ్ణి వదిలి ఆర్టెమిస్ వెళ్లిపోతుంది, దేవతలు చావు చూడకూడదు గనక. కొడుకు తండ్రిని క్షమిస్తాడు. ఆ క్షమ దేవతలకు చేతకానిది.

తర్వాతి కాలాలవాళ్లకు ఈ దేవతలతో చిక్కొచ్చింది. వాళ్లను తీసేస్తే కోరికను ఏమనాలి? పాపమా, జబ్బా, ప్రేమా? ఎవరూ అడగనప్పుడు ప్రాణం ఎందుకివ్వాలి?

1677లో పారిస్‌లో రసీన్ ఇదే ఫీడ్రా కథతో ‘ఫేద్ర్’ ఆడించాడు. అతను పెరిగింది పోర్ రోయల్ మఠంలో, జాన్సెనిస్టులనే క్రైస్తవ వర్గం దగ్గర. దైవానుగ్రహం లేనిదే మనిషి ఎంత తపించినా తరించడని వాళ్ల నమ్మకం. రసీన్ నాయిక చేసిన నేరానికి కాదు, తలచిన నేరానికే కుమిలిపోతుంది. వెలుగులో నిలబడదామంటే సూర్యుడు సొంత తాత. చనిపోదామంటే పాతాళంలో మృతులకు తీర్పు చెప్పేది కన్నతండ్రి మినోస్. పారిపోవడానికి చోటే లేదు. గ్రీకు దేవతల పేర్లతోనే రసీన్ ఒక క్రైస్తవ అంతరాత్మను రాశాడు. ఆ తర్వాత పన్నెండేళ్లపాటు నాటకం జోలికే పోలేదు.

యూజీన్ ఓనీల్ 1924లో ఇదే కథను న్యూ ఇంగ్లండ్ పొలాలకు తెచ్చాడు. ‘డిజైర్ అండర్ ది ఎల్మ్స్’లో ముసలి కాబట్ దేవుడు రాళ్లలా కఠినుడు. అతని యువభార్య ఆబీ, సవతి కొడుకు ఎబెన్ మీది ప్రేమను నిరూపించుకోవడానికి తమ పసిబిడ్డనే చంపేస్తుంది. ఎబెన్ ఫిర్యాదు చేసి వస్తాడు. వచ్చాక ఆ నేరంలో తానూ పాలు తీసుకుని ఆమెతో కలిసి శిక్షకు నడుస్తాడు. లాస్ ఏంజెలెస్‌లో ఈ నాటకం ఆడినందుకు నటులను అరెస్టు చేశారు. అరెస్టు చేసినవాళ్లను బెదరగొట్టింది బిడ్డ హత్య కాదనీ, ఆ ప్రేమకు పవిత్రత దక్కడమేననీ నా అనుమానం.

టి.ఎస్. ఎలియట్ 1949లో ‘ది కాక్‌టెయిల్ పార్టీ’కి యూరిపిడీస్ ‘అల్సెస్టిస్’ను ఆధారం చేసుకున్నాడు. భర్తకు బదులు చావడానికి ఒప్పుకున్న భార్య కథ అది. ఎలియట్ దగ్గర చనిపోయేది భార్య కాదు, భర్త ప్రేయసి సీలియా. ఆమె కోరికను వదిలేసి సేవలో చేరి, దూరదేశంలో చీమలపుట్ట పక్కన శిలువ మీద ప్రాణం విడుస్తుంది. నాకిది మింగుడుపడదు. దైవానికి దగ్గర కావాలంటే శరీరాన్ని దాటిపోవాలంటాడు ఎలియట్. ఆమెను చంపిన స్థానికులకు పేరైనా పెట్టడు.

1973లో లండన్ నేషనల్ థియేటర్ కోసం యూరిపిడీస్ ‘బాకె’ను తిరగరాసిన వోలే సోయింకా అలా వదల్లేదు. అతను అప్పటికే నైజీరియా అంతర్యుద్ధ కాలంలో జైలు చూసినవాడు. అతని నాటకం జరిగే థీబ్స్ నగరంలో ఏటేటా ఊరి పాపాలు కడగడానికి ఒక ముసలి బానిసను కొరడాలతో కొడతారు. ఈసారి అంధ ప్రవక్త టైరీసియాస్ ఆ బానిసకు బదులు తానే వీపు ఒప్పజెబుతాడు. చివర్లో హతుడైన రాజు పెంథియస్ తల నుంచి చిమ్మేది మద్యం, అందరూ తాగుతారు. ఒక రాజు చావు బానిసల పండుగగా మారుతుంది. కామం, దైవం, బలి మళ్లీ ఒకే ఒరలో ఇమిడాయి.

1996లో లండన్ గేట్ థియేటర్‌లో సారా కేన్ ‘ఫీడ్రాస్ లవ్’ వచ్చింది. హిప్పోలిటస్ ఇప్పుడు బ్రహ్మచారి కాడు, టీవీ ముందు కూలబడి ఉండే విలాసి. దేనిమీదా ఆసక్తి లేదు. ఫీడ్రా అతని మీద అత్యాచారం నింద వేసి చచ్చిపోతుంది. అతను కాదనడు. తన కోసం ఒకరు ప్రాణమే ఇచ్చారంటే అది నిజమైన ప్రేమేనని అతనికి అప్పుడే తెలుస్తుంది. జైలుకు వచ్చిన ఫాదర్ పశ్చాత్తాపపడమంటాడు. దేవుణ్ణి నమ్మనివాడు శిక్ష తప్పించుకోవడానికి దేవుడి పేరు వాడుకోనంటాడు. ఫాదర్ అతని ముందు మోకరిల్లేది ప్రార్థనకు కాదు. తర్వాత హిప్పోలిటస్ తనకు తానే జనంలోకి దూకుతాడు. కేన్ చిన్నప్పుడు గాఢమైన క్రైస్తవ విశ్వాసంలో పెరిగి, తర్వాత దాన్ని వదిలేసిన మనిషి. రక్తపాతం ఎక్కువైందని ఈ నాటకాన్ని తోసిపుచ్చినవాళ్లు ఆ జైలు గది సంభాషణను సరిగా వినలేదనే నేను అంటాను.