షాఫ్టులలో మెలి కంపనాలు: కొలత సాధనాల ఎంపిక చరిత్ర

పరిచయం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు చేరువలో, ఎర్రగుంట్ల మండలం కలమళ్ల వద్ద ఉన్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1994లో పని ప్రారంభించింది. 2018లో 600 మెగావాట్ల ఆరవ యూనిట్ చేరడంతో కేంద్రం సామర్థ్యం 1650 మెగావాట్లయింది. ఎర్రగుంట్ల ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలున్నాయి. పులివెందుల వైపు గండికోట నీటిని పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు ఎత్తిపోసే పంపులున్నాయి. వీటన్నిటిలోనూ శక్తిని మోసేది తిరిగే షాఫ్టే.

షాఫ్టు అటూ ఇటూ ఊగితే బేరింగు మీద చెయ్యి పెట్టిన మెకానిక్కు తెలుస్తుంది. కాని తడిబట్టను పిండినట్లు షాఫ్టు తనలో తానే మెలిపడి విడుతూ ఉంటే బేరింగు చాలాసార్లు నిశ్శబ్దంగానే ఉంటుంది. దీనినే విమోటన కంపనం లేదా మెలి కంపనం అంటారు. పగులు పుట్టి షాఫ్టు విరిగేదాకా ఇది బయటపడకపోవచ్చు. అందుకే దీనిని కొలిచే సాధనాల చరిత్ర చాలావరకు ప్రమాదాల చరిత్రే.

సాధనాల పరిణామం

లెక్క ప్రకారం తగినంత బలమున్న ఓడల షాఫ్టులు ఎందుకు విరుగుతున్నాయని జర్మనీలో హెర్మన్ ఫ్రామ్ పరిశీలించాడు. నడుస్తున్న షాఫ్టుల మీద కొలిచి, అనునాదమే కారణమని 1902లో ప్రకటించాడు. తరువాత గైగర్ టోర్షియోగ్రాఫ్ వచ్చింది. షాఫ్టు నుంచి బెల్టుతో తిరిగే తేలికపాటి కప్పీకి, దాని లోపల స్ప్రింగుతో కలిపిన బరువైన చక్రానికి మధ్య వచ్చే తేడాను అది కాగితంపై గీసేది. కంపనం వేగం పెరిగితే బెల్టు సరిగా అనుసరించలేకపోయేది.

1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ వేర్వేరుగా స్ట్రెయిన్ గేజ్‌ను రూపొందించారు. దానిని షాఫ్టుకే అతికిస్తే వికృతి నేరుగా తెలుస్తుంది. అయితే అతికించడానికి యంత్రాన్ని ఆపాలి. తిరిగే షాఫ్టు నుంచి సంకేతాన్ని బయటకు తేవడానికి స్లిప్ రింగులో, రేడియో ప్రసారమో కావాలి.

1970, 1971లలో అమెరికాలోని మోహావే విద్యుత్ కేంద్రంలో జనరేటరు షాఫ్టు రెండుసార్లు దెబ్బతింది. సిరీస్ కెపాసిటర్లున్న ప్రసార లైనుకు, షాఫ్టు సహజ పౌనఃపున్యానికి పొత్తు కుదరడమే అసలు కారణమని రెండవ ప్రమాదం తరువాతనే తేలింది. అప్పటినుంచి పెద్ద టర్బైన్లపై మెలి కంపనాన్ని నిరంతరం గమనించడం ముఖ్యమైంది. షాఫ్టుపై పళ్లచక్రం, దాని ఎదుట అయస్కాంత పికప్ ఉంటే చాలు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే షాఫ్టుపై 60 పళ్లుంటే సెకనుకు 3000 స్పందనలు వస్తాయి. వాటి మధ్య కాలవ్యవధిలోని తేడాలే కంపనాన్ని చూపుతాయి. 1980లలో షాఫ్టును తాకకుండా కొలిచే లేజరు సాధనాలు వచ్చాయి.

ఎంపికకు సూత్రం

కోణ చలనం అస్పందన స్థానంలో సున్నా. మెలిక ఒత్తిడి మాత్రం సాధారణంగా ఆ పరిసరాలలోనే ఎక్కువ. కాబట్టి పళ్లచక్రాన్ని అక్కడ అమరిస్తే ప్రమాదం ఉన్నా సాధనం ఏమీ లేదనే చెబుతుంది. చక్రాన్ని షాఫ్టు చివర, గేజ్‌ను అస్పందన స్థానం దగ్గర అమర్చాలి. చివర కొలిచిన కోణం నుంచి లోపలి ఒత్తిడిని రాబట్టడానికి షాఫ్టు గణిత నమూనా కూడా అవసరం.

దీనిని మన జిల్లా యంత్రాలకు అన్వయించి చూడండి. ఏళ్ల తరబడి నడిచే టర్బైనుకు పళ్లచక్రం అనువైనది. సిమెంటు కిల్నును తిప్పే నెమ్మది షాఫ్టులో స్పందనలు తక్కువగా వస్తాయి కాబట్టి స్ట్రెయిన్ గేజ్ మేలు. పంపు మోటారుకు కరెంటు ఇచ్చిన తొలి క్షణాల కుదుపును పట్టడానికీ గేజే తగినది. షాఫ్టు బయటికి కనిపించే చోట కొద్దిసేపటి తనిఖీకి లేజరు చాలు. ఖరీదు కంటే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎక్కడ కొలవాలి? ఎంత పౌనఃపున్యం? ఎంతకాలం?

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బేరింగు కంపనం సాధారణంగా ఉన్నంత మాత్రాన షాఫ్టు క్షేమమని ఎందుకు చెప్పలేం?
2. పళ్లచక్రాన్ని అస్పందన స్థానంలో ఎందుకు అమర్చకూడదు?