యోగ్యతముల సార్థక జీవనం: బలానికీ యోగ్యతకూ గల భేదం

జీవపరిణామ సిద్ధాంతంలో ఎక్కువగా వినబడేదీ, ఎక్కువగా అపార్థానికి గురైనదీ ఒకే మాట. అది ఆంగ్లంలో 'సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్'. తెలుగు పాఠ్యపుస్తకాలు దీనిని 'యోగ్యతముల సార్థక జీవనం' అని పేర్కొంటాయి. దీనికి ఆధారమైన ప్రక్రియ పేరు 'ప్రకృతి వరణం'. వై.ఎన్.హొసకోట వంటి సరిహద్దు గ్రామాలలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివే పిల్లలు దీనినే 'నైసర్గిక ఆయ్కె' అని నేర్చుకుంటారు. వరణమన్నా, ఆయ్కె అన్నా ఎంపిక అనే అర్థం. అయితే ఈ ఎంపిక చేసేవారు ఎవరూ లేరు. బలవంతుడు బతుకుతాడు, బలహీనుడు నశిస్తాడు అని లోకం చెప్పుకొనే అర్థం కూడా ఇందులో లేదు.

మాట పుట్టుక

చార్లెస్ డార్విన్ రచించిన 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' 1859 నవంబరులో వెలువడింది. అందులో ఈ మాట లేదు. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్త్వవేత్త తన జీవశాస్త్ర గ్రంథంలో దీనిని తొలిసారి ప్రయోగించాడు. 'ఎంపిక' అంటే పైన ఎవరో కూర్చుని ఏరుతున్నారని పాఠకులు భ్రమపడుతున్నారనీ, స్పెన్సర్ మాట అంతకంటె స్పష్టంగా ఉన్నదనీ 1866లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ డార్విన్‌కు లేఖ రాశాడు. ఆ సలహాను అనుసరించి డార్విన్ 1869 నాటి ఐదవ ముద్రణలో దీనిని చేర్చాడు. ఒక భ్రమను తొలగించడానికి తెచ్చిన మాట మరొక భ్రమకు దారితీసింది. 'ఫిట్' అనే పదానికి ఇక్కడ కండబలం అని అర్థం కాదు. పరిసరాలకు తగినది, ఇమిడినది అని అర్థం.

ప్రక్రియ జరిగే తీరు

ప్రకృతి వరణానికి మూడు పరిస్థితులు అవసరం. ఒకటి, ఒకే జాతి జీవులలో తేడాలుండాలి. రెండు, ఆ తేడాలు తల్లిదండ్రుల నుండి సంతానానికి సంక్రమించాలి. మూడు, ఉన్న ఆహారానికీ చోటుకూ మించి సంతానం పుట్టాలి. ఈ మూడూ కలిసినప్పుడు, అప్పటి పరిసరాలకు తగిన లక్షణమున్న జీవులు ఎక్కువ సంతానాన్ని మిగుల్చుతాయి. తరతరానికీ ఆ లక్షణం జాతిలో పెరుగుతుంది.

ఇక్కడ ముఖ్యమైనది సంతానపు లెక్క. వేరుశనగ మొక్క ఏపుగా పెరిగి, ఊడలు దిగక, కాయ పట్టకపోతే రైతుకు దక్కేది కట్టె మాత్రమే. ప్రకృతి లెక్క కూడా అటువంటిదే. ఎంతటి బలమున్న జీవియైనా సంతానాన్ని మిగల్చకపోతే దాని లక్షణం దానితోనే అంతరిస్తుంది.

కరవు చెప్పిన సాక్ష్యం

'బతికినది యోగ్యమైనది, యోగ్యమైనది బతికింది అంటే చెప్పినదే చెప్పడం కాదా?' అని కొందరు ఆక్షేపిస్తారు. పసిఫిక్ మహాసముద్రంలోని గలపాగోస్ దీవులలో దీనికి సమాధానం లభించింది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే దంపతులు 1973 నుండి అక్కడి డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో ఫించ్ పిట్టల ముక్కులను కొలిచి నమోదు చేశారు. 1977లో అక్కడ తీవ్రమైన కరవు వచ్చింది. మెత్తని చిన్న గింజలు త్వరగా అయిపోగా, గట్టి పెంకు గల పెద్ద గింజలే మిగిలాయి. పిట్టలలో అత్యధిక భాగం చనిపోయాయి. బతికినవాటిలో ముక్కు లావుగా ఉన్నవి ఎక్కువ. వాటి పిల్లలకూ లావు ముక్కులే వచ్చాయి. ముక్కులను కరవుకు ముందే కొలిచినందున, చావు బతుకులు ఏ లక్షణం వలన తేలినవో నిర్ధారించడం సాధ్యమైంది.

తరువాతి కథ మరింత ముఖ్యమైనది. 1983లో అక్కడ కుండపోతగా వానలు కురిసి చిన్న గింజలు విస్తారమయ్యాయి. ఆ తరువాత చిన్న ముక్కు పిట్టలకే అనుకూలించింది. కరవులో యోగ్యమైనది వానకాలంలో యోగ్యం కాలేదు. వాన కోసం ఎదురు చూడడం అలవాటైన పావగడ సీమ వారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

పట్టుగూటిలో పాఠం

పట్టుచీరల నేతకు పేరొందిన హొసకోటకు మరింత దగ్గరి ఉదాహరణ పట్టుపురుగు. 'ప్యూర్ మైసూరు' జాతి పురుగు ఇక్కడి వేడినీ, రోగాలనూ తట్టుకొంటుంది. కాని దాని గూటి నుండి వచ్చే పోగు పొట్టి, సుమారు 400 మీటర్లు. బైవోల్టిన్ జాతుల పోగు 1000 మీటర్ల వరకు ఉంటుంది. కాని వాటికి చల్లదనం, శుభ్రత, మేలైన ఆకు కావాలి. వీటిలో ఏది యోగ్యం? ఎక్కడ, ఏ పరిస్థితిలో అన్నది చెప్పనిదే ఈ ప్రశ్నకు జవాబు లేదు. అందుకే రెండింటి గుణాలు కలిసేటట్లు సంకరజాతులను రూపొందించారు.

ఇది మనిషి చేసిన ఎంపిక. వేల ఏళ్ల పెంపకంలో పట్టుపురుగు చిలుక ఎగిరే శక్తిని కూడా కోల్పోయింది. చంద్రికలో అది యోగ్యం. బయట చెట్టు మీద వదిలితే నిలువదు.

పురుగుమందు సీసాలో పరిణామం

ప్రకృతి వరణం నష్టం తెచ్చిన సందర్భం తెలుగు నేలపైనే ఉంది. శనగపచ్చ పురుగు పత్తినే కాక కంది, శనగ పైర్లనూ తినే పురుగు. దానిని అరికట్టడానికి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా చల్లారు. మందుకు చావని పురుగులు మొదట కొద్దిగానే ఉన్నాయి. చచ్చేవి చావగా, మిగిలినవే సంతానాన్ని కన్నాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు. పత్తి పోయింది, అప్పులు మిగిలాయి, కొందరు రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. 2002లో దేశంలోకి వచ్చిన బీటీ పత్తి విషయంలోనూ గులాబీ రంగు పురుగు ఇదే తీరున తట్టుకొనే శక్తిని పెంచుకొంది.

ఇక్కడ పురుగు మందుకు 'అలవాటు' పడిందనడం సరికాదు. తట్టుకొనే పురుగులను మందే ఏరి పెట్టింది. కావున ఒకే వర్గపు మందును వరుసగా వాడకపోవడం, పురుగు ఉద్ధృతిని చూసి మాత్రమే చల్లడం, లింగాకర్షక బుట్టలు, పక్షి స్థావరాలు, పంట మార్పిడి వంటి పద్ధతులను కలిపి అనుసరించడం మేలు. సీసా మీది పేరు మారినంత మాత్రాన మందు మారినట్లు కాదు. లోపలి రసాయనం ఏ వర్గానిదో దుకాణంలో అడిగి తెలుసుకోవాలి.

మనుషులకు వర్తించే హద్దు

ఈ మాటను అడ్డం పెట్టుకొని పేదవారు, రోగులు, వికలాంగులు పోటీలో నిలువలేనివారని వాదించినవారు చరిత్రలో ఉన్నారు. అది శాస్త్రం కాదు. ప్రకృతిలో ఏమి జరుగుతున్నదో సిద్ధాంతం చెబుతుంది. మనుషులు ఏమి చేయాలో అది ఆదేశించదు. పైగా చీమలు, తేనెటీగలు, మనుషులు మనగలిగినది ఒకరికొకరు తోడ్పడినందువలన. కరవు ఏట ఇరుగుపొరుగు గింజలు బదులిచ్చుకొని మరుసటి కారుకు విత్తనం నిలుపుకొన్న ఊరిలో సహకారం కూడా యోగ్యతే.

పరీక్షలో ఈ ప్రశ్న వచ్చిన విద్యార్థి గుర్తుంచుకోవలసినది ఇంతే: యోగ్యత అంటే బలం కాదు, ఒక కాలంలో, ఒక చోట, ఆ పరిసరాలకు తగి ఉండి సంతానాన్ని మిగల్చగల గుణం.